వంటిల్లున్న సముద్రం

ఆ రోజుల్లో నాకు తెలివి లేదని ఎవరూ అనలేరు. ఉన్నదంతా చాంగీ బిజినెస్ పార్కులో ఓ ఆఫీసులో కూర్చుని, రెండువేల సంవత్సరం రాబోతోందని కంప్యూటర్లకి నచ్చజెప్పడానికే ఖర్చయిపోయి, సాయంత్రానికి ఖాళీ బుర్రతో ఇంటికి చేరేవాణ్ణి, అంతే. అందుచేత ఈ కథలో మొదటి మూర్ఖుణ్ణి నేనేనని ముందే ఒప్పేసుకుంటున్నాను. రెండో మూర్ఖుడు మా బావగారు. ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు, మీరు వెళ్ళి అడగొద్దు. నేను చేసిందల్లా ఇంటర్నెట్లో ఒక బంగళా ఫోటో చూసి, అందులో ఉన్న ఒక సంగతిని సంతోషం పట్టలేక పైకి చదవడం. ఆ ఒక్క వాక్యం లోపల చదువుకుని ఊరుకునుంటే మా అక్కకి మూడు రోజులు సుఖంగా గడిచేవి, నాకు ఇది రాస్తున్నప్పుడల్లా కుడి కణత ఇలా కొట్టుకునేది కాదు.

మా అక్కావాళ్ళ ఫ్లాటు యూ టీ అనే పేటలో ఉండేది. సింగపూరు వచ్చినప్పుడు నేను దిగింది అక్కడే. నేననేముంది, ఆ రెండు మూడేళ్ళలో హైదరాబాదు నుంచీ బెజవాడ నుంచీ నెల్లూరు నుంచీ పెట్టెలో సగం సర్టిఫికెట్లూ సగం ఆవకాయా పెట్టుకొచ్చిన ప్రతి తెలుగు కుర్రాడూ అక్కడే దిగేవాడు. మా బావగారు రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకుకి ప్రాజెక్టు మేనేజరు. మనసు చాలా పెద్దది. "ఎక్కడ ఉండాలో తెలీడం లేదు సార్" అని ఎవరైనా ఫోన్లో నసిగితే చాలు, "ఎక్కడో ఎందుకోయ్, మా ఇల్లు లేదూ! వచ్చి దిగిపో" అనేవారు. వాళ్ళు వచ్చి దిగేవారు, ఉద్యోగం దొరికాక వెళ్ళిపోయేవారు. అక్క మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదిలేది కాదు. (బావగారి పెద్ద మనసుకి పెట్టుబడి మొత్తం మా అక్క చేతులదే.) ఐటీ బూమ్ గురించి మహామహులు పెద్ద పెద్ద వ్యాసాలు రాశారు. దానికి సాంబారు పోసిందెవరో ఒక్కడైనా రాశాడా? నేను వెతికాను. రాయలేదు.

అలాంటి అక్క ఒకరోజు, ముగ్గురు కొత్త కుర్రాళ్ళు పెరుగన్నంలోకి వచ్చాక, సింకు దగ్గర నిలబడి గిన్నెలకి చెబుతున్నట్టుగా నాతో అంది. "ఒరే తమ్ముడూ, పేరుకి ద్వీపంలో ఉంటున్నాం. సముద్రాన్ని విమానంలోంచి చూడ్డమే తప్ప దగ్గరికెళ్ళి పలకరించింది లేదురా."

"అదేంటక్కా, ఈస్టు కోస్టు పార్కుకి వెళ్తూనే ఉంటారుగా?"

"వెళ్తాం. వెళ్ళినప్పుడల్లా మీ బావ వెంట పాతికమంది ఉంటారు. పులిహోర వడ్డించి తల ఎత్తేసరికి చీకటి పడుతుంది. సముద్రం ఎడమవైపుందో కుడివైపుందో కూడా చెప్పలేను." చేతులు తుడుచుకుని, కాస్త సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "మూడ్రోజులు పొయ్యి మొహం చూడకుండా, ఎవరో వండింది తిని, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చోవాలనుందిరా. ఊరికే."

అక్క నన్నుగానీ ఇంకెవర్నిగానీ ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. నేను ఉప్పొంగిపోయాను. నాకున్న ఇంజినీరింగు పట్టా, ఆఫీసులో ఇచ్చిన శిక్షణ, టెలిఫోను తీగ తగిలిస్తే కీచుమని అరిచే మోడెమూ అన్నీ అక్క కాళ్ళకీ సముద్రానికీ మధ్య వంతెన కట్టడానికే పుట్టాయనిపించింది.

అప్పుడే బావగారు కారు కొన్నారు. సింగపూరులో కారు కొనడమంటే మామూలు మాట కాదు, కారు కన్నా కారు కొనడానికి ఇచ్చే అనుమతికే ఎక్కువ సమర్పించుకోవాలి. అంత చేసి కొన్నాక ద్వీపం ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక గంటలో రోడ్డు అయిపోతుంది. దాంతో బావగారికి సరిహద్దు దాటాలనే కోరిక పుట్టింది. మలేషియాలో తూర్పు తీరాన మంచి బీచీలున్నాయని ఆఫీసులో ఎవరో చెప్పారు. ఇంకేం, ఆదివారం పొద్దున్న భోజనాల బల్ల దగ్గర సమావేశం ఏర్పాటయింది. బావగారు ఏ పనినైనా ప్రాజెక్టుగానే చేసేవారు. "సీటింగు నేను చూసుకుంటా, వీసాలు నేను చూసుకుంటా, బస నీ బాధ్యత బావమరిదీ" అన్నారు. నేను మోడెమ్ తగిలించాను. బంగళా ఫోటో పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగుతోంది. ముందు కప్పు వచ్చింది. తర్వాత కొబ్బరాకులు. తర్వాత కిటికీ. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. మేనకోడలు చిట్టికి ఎనిమిదేళ్ళు, అది మాత్రం "సో స్లో లా, మామా" అని ఆవలించింది. ఫోటో కింద వివరాలున్నాయి. నేను గొంతు సవరించుకుని, సముద్రం ఎంత దూరమో చదివాను, ఎన్ని మంచాలో చదివాను, ఆ ఊపులో (ఇక్కడే, ఈ క్షణంలోనే నన్ను ఎవరైనా ఒక్కటి పీకుంటే బావుండేది), "వంటిల్లు కూడా ఉందండోయ్! గ్యాసు, గిన్నెలు, ఫ్రిజ్జు, అన్నీ!" అని ప్రకటించాను.

బావగారి కళ్ళు మెరిశాయి. "శభాష్! బయటి తిండి బెడద లేదన్నమాట. మన తిండి మనమే వండుకోవచ్చు!"

ఆయన నోట "మనం" అనే మాట వస్తే అందులో ఆయన ఉండరని ఇంట్లో అందరికీ తెలుసు. అక్క నా వైపు చూసింది. తిట్టలేదు. తిట్టినా బావుండేది. "సరే, చింతపండు నిండుకుంది, తెచ్చుకోవాలి" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెంటనే, "బావగారూ, వంటిల్లు లేనివి కూడా ఉన్నాయి, ఇంకోటి చూద్దామా?" అన్నాను. "ఉన్నదాన్ని వదిలి లేనిదాన్ని వెతుకుతావా? ఇలా అయితే నీకు ప్రమోషను ఎలా వస్తుందోయ్?" అన్నారాయన. అంతటితో సమావేశం ముగిసింది.

బయలుదేరే రోజు మా సామాను చూసినవాళ్ళు ఈ కుటుంబం దేశం వదిలి పారిపోతోందనుకుని ఉంటారు. బియ్యం బస్తా, కందిపప్పు, కుక్కరు, పోపులడబ్బా, అప్పడాలు, తోడు పెట్టుకోవడానికి పెరుగు, గుత్తివంకాయ కోసం టెక్కా సంతలో ఏరి తెచ్చిన వంకాయలు. చిట్టి ఈతకొట్టే రబ్బరు బాతుకి చోటు చాలక దాని గాలి తీసేశారు. వీటన్నిటికీ కిరీటంలా ఒక పెద్ద స్టీలు క్యాను నిండా ఇడ్లీ పిండి. "వద్దండీ, ఎండలో పులిసిపోతుంది" అని అక్క మొత్తుకుంది. "సముద్రానికి ఎదురుగా కూర్చుని వేడి వేడి ఇడ్లీ తింటుంటే ఉంటుందే... నీకు ఊహాశక్తి లేదు" అన్నారు బావగారు. ఆయన ఊహలో ఇడ్లీలున్నాయి, సముద్రముంది, తినే ఆయన ఉన్నారు. వాయి దించేవాళ్ళు ఎవరూ లేరు. విహారయాత్ర కాస్తా ఆహారయాత్ర అయిపోతోందని నాకు డిక్కీ మూస్తున్నప్పుడే అర్థమైంది. డిక్కీ నేను గట్టిగానే మూశాను. కోపంగా మూశానని ఎవరూ గుర్తించలేదు, సరిగ్గా పడిందనుకున్నారు.

ఇక సరిహద్దు. సింగపూరు బండి ఏదైనా వంతెన దాటి మలేషియాలోని జొహోరుకి వెళ్ళాలంటే ట్యాంకులో ముప్పాతిక వంతు పెట్రోలు ఉండి తీరాలి. అవతల పెట్రోలు చవక. అందరూ అక్కడికెళ్ళి నింపుకుంటే ఇక్కడి బంకులు ఏం కావాలి అని పెట్టిన నియమం. ఈ సంగతి పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మా కారులో అయితే వెనక సీట్లో కూర్చున్న చిట్టికి తెలుసు. "డాడీ, నీడిల్ ఈజ్ సో లో. అంకుల్ విల్ స్కోల్డ్ యూ" అని అది ఇంటి కిందే హెచ్చరించింది. "వాళ్ళకి వేరే పని లేదా, ప్రతి కారులోకీ తొంగి చూడ్డానికి?" అన్నారు బావగారు, అవతల చవగ్గా నింపుకోవాలనే ఉత్సాహంతో.

వాళ్ళకి నిజంగానే వేరే పని లేదు. ఎండలో మెల్లగా పాకి పాకి, తీరా మా వంతు వచ్చేసరికి ఒక అధికారి కిటికీలోంచి తల లోపల పెట్టి పెట్రోలు ముల్లు చూశాడు. తర్వాత బావగారి ముఖం చూశాడు. "త్రీ క్వార్టర్ ట్యాంక్, అంకుల్. యూ టర్న్" అన్నాడు. "ఫ్యామిలీ ఉంది" అన్నారు బావగారు. మా ముగ్గురినీ చూస్తే పెట్రోలు పెరుగుతుందన్నట్టు అధికారి ఓపిగ్గా మమ్మల్నీ చూశాడు. "ఫ్యామిలీ ఆల్సో యూ టర్న్" అన్నాడు. వెనక్కి తిరిగి, ఇవతలే వుడ్‌ల్యాండ్స్‌లో పెట్రోలు నింపుకుని వచ్చేసరికి వరస ఇందాకటికి రెట్టింపయింది. మేం తోకలో చేరాం. "దీన్ని రిస్క్ మేనేజ్‌మెంట్ అంటారు, నేర్చుకో" అన్నారు బావగారు, ఏం నేర్చుకోవాలో చెప్పకుండా. పళ్ళు కొరుకుతూ కూర్చున్నాను. కారులో ఏసీ కూడా మా అక్కలాంటిదే, ఎంత వాడుకున్నా నోరెత్తకుండా పనిచేసి చేసి ఆ రోజు అలిసిపోయింది.

ఆ ఎండలో, ఆ వేడిలో, మా అందరికన్నా హుషారుగా ఉన్నది ఒక్క ఇడ్లీ పిండే. మేం వంతెన మీద అంగుళం అంగుళం కదులుతున్నంతసేపూ అది డిక్కీలో నిశ్శబ్దంగా ఎదుగుతోంది. మొదట చిట్టి ముక్కు మూసుకుంది. "సమ్‌థింగ్ స్మెల్స్, మామా." తర్వాత నాకూ తెలిసింది. ఆ పుల్లటి వాసన తెలియని తెలుగువాడుండడు. అక్క కళ్ళు మూసుకుంది. వాసనకి కాదు, చెప్పిన మాట నిజమైనందుకు. మలేషియా వైపు తనిఖీలో తల చుట్టూ గుడ్డ కట్టుకున్న ఒక మలయ్ అమ్మాయి డిక్కీ తెరవమంది. బావగారు ఠీవిగా దిగి తెరిచారు. పిండి క్యాను మూతని నెత్తిన పెట్టుకుని బయటికొచ్చేసింది! బియ్యం బస్తా మీదుగా, పోపులడబ్బా మీదుగా, గాలి తీసిన బాతు మీదుగా తెల్లగా, నురగలు నురగలుగా పాకి, ఇంకా బుడగలు వేస్తోంది. ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది.

"వాట్ ఈజ్ దిస్?"

"ఫుడ్" అన్నారు బావగారు.

"ఈజ్ ఇట్ అలైవ్?"

అప్పుడు అక్క కారు దిగింది. "ఇడ్లీ" అంది మెల్లగా. ఆ అమ్మాయి ముఖం విప్పారింది. "ఓ, ఇడ్లీ!" అని పక్కనున్న అధికారిని కూడా పిలిచి చూపించింది. తర్వాత నిజంగానే అర్థం కాక అడిగింది: జొహోరులో వీధికో ఇడ్లీ దుకాణం ఉంది కదా, పొద్దున్నే వేడి వేడిగా పెడతారు కదా, మీరెందుకు ఇంటి నుంచి మోసుకొస్తున్నారు? బావగారు వంగి కారు టైర్లు పరీక్షించడం మొదలుపెట్టారు. అక్క రోడ్డు పక్కన నిలబడి, నీళ్ళ సీసాలతో డిక్కీ కడిగింది. నేనూ కడిగాను. బావగారు నీడలో నిలబడి మాకు సూచనలిచ్చారు.

బంగళా ఫోటోలో ఉన్నట్టే ఉంది. ఫోటోలో లేనిదల్లా ఒక్కటే. వంటింటి కిటికీ వెనకవైపుకి ఉంది. ముందు వరండాలో నిలబడితే నీలంగా, విశాలంగా, కంటికి ఆనినంత మేరా సముద్రం. వంటింట్లో నిలబడితే మా కారు వెనకభాగం. అక్క వెళ్ళగానే చీర కొంగు దోపి, కారుని చూస్తూ పప్పు కడిగింది. అలల చప్పుడు మాత్రం వినబడుతోంది. "బావుందిరా చప్పుడు" అంది. ఆ మాట విన్నాక నేను వరండాలో కూర్చోలేకపోయాను. ఉల్లిపాయలు నేను తరుగుతానన్నాను. అక్క కత్తి ఇచ్చి, తరిగిన ముక్కలు చూసి, కత్తి వెనక్కి తీసేసుకుంది. (నేను తరిగితే ముక్కలు ఏ రెండూ అన్నదమ్ముల్లా ఉండవు.) వేళ దాటిన మధ్యాహ్నం భోజనం, సాయంత్రం పకోడీలు, మళ్ళీ వంట. మధ్యలో బావగారు వరండాలోంచి, "సముద్రపు గాలికి ఆకలి దంచేస్తోందోయ్!" అని సముద్రం తరఫున కేకలు పెట్టారు.

ఆ సాయంత్రం ఆయన ఒడ్డున నడవడానికి వెళ్ళి, ముఖం వెలిగిపోతూ తిరిగొచ్చారు. "ఏమేవ్, మన తెలుగువాళ్ళు!" అన్నారు. పరాయిదేశంలో ఇంకో తెలుగువాడు కనబడితే బావగారి ఒళ్ళు పులకరిస్తుంది. వాళ్ళది మలేషియానేనట, తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చారట, ఇన్ని తరాలైనా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారట, పెద్దాయన బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడట. నాకూ ముచ్చటేసింది. ఆ ముచ్చట అరనిమిషం నిలిచింది.

"రేపు మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నాను. మా ఆవిడ చేతి గుత్తివంకాయ తినకపోతే జన్మ వృథా అన్నాను."

"ఎంతమందండీ?" అంది అక్క.

"ఎంతమందో అడిగితే ఏం బావుంటుంది? వ్యానులో వచ్చారు."

"వ్యానా!" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "బావగారూ, అక్క ఇంతవరకూ సముద్రంలో కాలు పెట్టలేదు. రేపు ఒక్కరోజే మిగిలింది. ఎల్లుండి పొద్దున్నే బయలుదేరతాం."

ఆయన నా భుజం మీద చెయ్యేసి పెద్దరికంగా నవ్వారు. "నీకింకా పెళ్ళి కాలేదు, తెలీదు. మీ అక్కకి వంటంటే ప్రాణం. పదిమందికి పెడితేనే దానికి తృప్తి. ఏమేవ్, అవునా కాదా?"

అక్క వంకాయలు లెక్క చూసుకుంటోంది. నాకు అంత కోపం అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కోపం వస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదు. మా వంశంలో మగవాళ్ళం కోపమొస్తే గోళ్ళు కత్తిరించుకుంటాం. బయటికెళ్ళి, ఇసుకలో కాసేపు నడిచి, సముద్రాన్ని కూడా కాస్త తిట్టి వచ్చాను. ఎదురుగా ఉండి కూడా ఏమీ చెయ్యనివాళ్ళలో అదీ ఒకటి కదా అని.

మర్నాడు వాళ్ళు మధ్యాహ్నానికి కాదు, పొద్దున్నే వచ్చేశారు. వంటకి సాయం చేద్దామని ముందే వచ్చామంది పెద్దావిడ. ఆవిడ ముక్కుకి రెండువైపులా ముక్కుపుడకలు, కాళ్ళకి రబ్బరు చెప్పులు, చేతిలో పనసపండు. వెనకాల పంతులుగారు, కొడుకులు, కోడళ్ళు, పిల్లలు. వ్యాను ఖాళీ అవుతూనే ఉంది. బావగారు లోపల పూల చొక్కా వేసుకుంటున్నారు. అక్క పొయ్యి ముందు, ఉల్లిపాయల వల్లో దేనివల్లో, కళ్ళు తుడుచుకుంటోంది. వరండాలో ఎదురెళ్ళింది నేనే.

"మంచి వాసనొస్తంది బాబూ! ఒంట ఎవలు సేస్తన్నారు?" అంది పెద్దావిడ.

నేను అబద్ధం ఆలోచించుకుని చెప్పలేదని మనవి. అది అలవోకగా, నిన్నటి ఇడ్లీ పిండిలా దానంతటదే మూత తోసుకుని వచ్చేసింది. "మా బావగారేనండీ, నిన్న మా ఆవిడ చేతి వంట అన్నది మొహమాటానికి" అన్నాను. "అతిథులొస్తే వంట ఆయనే చేస్తారు. మా అక్కని దగ్గరికి కూడా రానివ్వరు. గుత్తివంకాయ విషయంలో మరీ పట్టుదల మనిషి, పక్కన ఎవరైనా నిలబడితే చెయ్యి తిరగదంటారు. చొక్కా మార్చుకొచ్చేదాకా ఒక్క నిమిషం గరిట అక్కకిచ్చారు, అంతే."

సరిగ్గా అప్పుడే బావగారు పూల చొక్కాతో గుమ్మంలోకి వచ్చారు. పెద్దావిడ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, భర్త వైపు తిరిగింది. "సూడండి, ఇనండి! పెద్ద ఉద్యోగం, పెద్ద కారు, అయినా పెళ్ళానికి సెలవిచ్చి తను ఒండుతన్నాడు. మీరున్నారు, నలభై ఏళ్ళలో నీళ్ళన్నా కాసేరా?" పంతులుగారు తల వంచుకున్నారు. కోడళ్ళు తమ తమ భర్తల కేసి చూశారు. కొడుకులు బావగారి కేసి చూశారు, ఆ చూపులో స్నేహం లేదు.

బావగారు నోరు తెరిచారు. "అంటే... నేను..." అన్నారు. కానీ ఆయన బలహీనత నాకు తెలుసు. తెలుగువాళ్ళు, అందులోనూ ఇంతమంది, ఒకేసారి మెచ్చుకుంటుంటే కాదనే శక్తి ఆయనకి లేదు. తెరిచిన నోరు మెల్లగా నవ్వుగా మారింది. "అబ్బే, దాన్దేముందండీ, ఏదో మన చేతనైనంత" అన్నారు. వాక్యం పూర్తయ్యేలోపే పెద్దావిడ లోపలికెళ్ళి అక్క చేతిలోంచి గరిట లాక్కుని బావగారి చేతిలో పెట్టింది. "రా తల్లీ, మనం పోదాం. ఆరి పని ఆరిని సేసుకోనీ" అని అక్కని చెయ్యి పట్టుకుని నడిపించింది. అక్క గుమ్మం దగ్గర తిరిగి చూసి, "మసాలా కూరాలి, నూనె మీద మగ్గాలి..." అంటోంది. "ఆరికి తెలీదా?" అంది పెద్దావిడ. ఆవిడ పట్టు అలాంటిది. గోదావరి ఈదినవాడు కూడా వదిలించుకోలేడు.

నేనూ బయలుదేరుతుంటే వంటింట్లోంచి గుసగుసగా పిలుపు. "బావమరిదీ, ఒక్కసారి ఇలా రా. ఉప్పెక్కడుందోయ్?" నేను వరండాలో ఉన్న పంతులుగారికి వినబడేలా, "ఉప్పు బావగారు చివర్లో గానీ వెయ్యరండీ, అదే ఆయన రహస్యం!" అని జవాబిచ్చాను. కొడుకుల్లో ఒకడు ఆ సంగతి గుర్తుపెట్టుకుంటున్నట్టు తలూపాడు.

ఒడ్డుకెళ్ళేసరికి అక్క నీళ్ళలో ఉంది. మొదట పాదాలు మునిగేవరకే అనుకుందట. పెద్దావిడ ఇంకో అడుగు, ఇంకో అడుగు అంటూ మోకాళ్ళ దాకా తీసుకెళ్ళింది. చీర అంచు తడిసి బరువెక్కింది. "మమ్మీ, యువర్ సారీ వెట్ ఆల్రెడీ!" అని చిట్టి అరిచింది. "తడవనీవే" అంది అక్క. ఒక అల వచ్చి ఇద్దర్నీ కూలదోసింది. నేను పరుగెత్తబోయాను. ఇద్దరూ ఇసుకలో కూలబడి, నడుం దాకా నురగలో, నోటి నిండా ఉప్పునీళ్ళతో పగలబడి నవ్వుతున్నారు. అక్క అంత గట్టిగా నవ్వడం పెళ్ళికి ముందు విన్నాను, మళ్ళీ ఇదే. లేవలేదు. అక్కడే కాళ్ళు చాపుకుని, అలలు ఒళ్ళోకి వచ్చి వెళ్తుంటే ఊరికే కూర్చుంది.

చాలాసేపటికి గాలి మళ్ళింది. అక్క ముక్కు ఎగబీల్చింది. మా అక్క ముక్కుకి సముద్రం కూడా అడ్డం కాదు. బంగళా వైపు తిరిగి చూస్తే వంటింటి వెనకనుంచి సన్నగా నల్లటి పొగ. "ఒరే, వంకాయలు మాడుతున్నాయిరా!" అని లేవబోయింది. నేను భుజాలు పట్టి కూర్చోబెట్టాను. "నువ్వుండు. నేను వెళ్ళి చెప్తాగా."

"మంట తగ్గించి నీళ్ళు చిలకరించమని చెప్పు. తొందరగా వెళ్ళు."

తొందరగానే వెళ్ళాను. వంటింట్లో బావగారు పూల చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయి, కళ్ళు ఎర్రబడి, గరిటని అటూ ఇటూ తిప్పుతున్నారు. కుక్కరు పక్కన నీరసంగా ఈలేస్తోంది. కిటికీలోంచి కారు వెనకభాగం కనబడుతోంది. నన్ను చూడగానే దేవుడొచ్చినట్టు, "వచ్చావా! మీ అక్క ఏమందోయ్?" అన్నారు.

ఒక్క క్షణం జాలేసింది. తర్వాత మంట వైపు చూశాను.

"వాసన ఒడ్డుదాకా వస్తోందిట బావగారూ, బ్రహ్మాండంగా ఉందిట" అన్నాను. "కదపకుండా అలాగే ఇంకాసేపు ఉంచమంది. వీలైతే మంట కొంచెం పెంచమంది."

ఆయన పెంచారు. నేను మళ్ళీ సముద్రం దగ్గరికి వెళ్ళి అక్క పక్కన కూలబడి, చెప్పేశానన్నాను, అక్క నమ్మి మళ్ళీ కాళ్ళు చాపుకుంది. ఇప్పుడు నాకు ఆనాటి బావగారికన్నా వయసెక్కువ. పెద్దరికం వచ్చింది, కోపాన్ని సర్దిచెప్పుకునే మాటలు బోలెడు వచ్చాయి. అన్నీ ఆలోచిస్తాను, అతిథుల గురించి, మర్యాద గురించి. అందుకే ఇప్పుడు నాకు ఆ పని చేతకాదు. అక్క సముద్రంలో ఇంకాసేపు కూర్చుంటుందంటే ఓ మూకుడు వంకాయల్ని కన్నార్పకుండా మసి చేసేసిన ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే మాత్రం, వాడి బుర్ర ఖాళీయే అయినా, వెళ్ళి ఒకసారి కావిలించుకోవాలనిపిస్తుంది.